వంకర చక్రాలు

మాట్లాడను. వెళ్ళనీ. కోసుకుంటాడో, మళ్ళీ అతికించుకుంటాడో వాడి ఇష్టం, నేను మాత్రం నోరు విప్పను. నిడదవోలు స్టేషన్లో ఒకటో నంబరు ప్లాట్‌ఫారం మీద, తిరగని ఫ్యాను కింద నన్నూ అమ్మనీ రెండు సంచులనీ దింపేసి, అన్నయ్య నా ఆట కుర్చీని భుజాన వేసుకుని గేటు బయటికి పోయాడు. "గేటవతల గంగయ్య వెల్డింగు షాపుందమ్మా, తెలిసినవాడే. గంటలో సరిచేసి తెచ్చేస్తాను" అన్నాడు. ఎవరితో అన్నాడు? నా చెప్పులతో. నా మొహం చూసి మాట్లాడి ఎనిమిదేళ్ళయింది. వాడు చెప్పే మాటలన్నీ పాపం ఈ చెప్పులే వింటున్నాయి. మద్రాసు బండి రావడానికి ఇంకా గంట. ఎల్లుండి పొద్దున్న మద్రాసులో చక్రాల కుర్చీ రగ్బీకి దేశం జట్టుని ఎంచుతారు. అందులో నేను ఉంటానని మా కోచ్ విజయ్ పాల్ గారు పైకి అనకపోయినా నాకు తెలుసు. ఉండేదాన్ని, నిన్నటిదాకా. నిన్న మా అన్నయ్య నా కుర్చీని బాగుచేశాడు. కోపానికి నా కాళ్ళు ఎగురుతున్నాయి. మెడ విరిగినప్పటి నుంచీ అవి నా మాట వినవు, నా కోపం మాత్రం వాటికెలా తెలుస్తుందో, నేను పళ్ళు బిగించగానే తడతడా కొట్టుకుంటాయి. అమ్మ వంగి రెండు మోకాళ్ళూ అదిమిపట్టి "శాంతించవే" అంటోంది, నాతోనో కాళ్ళతోనో. మే నెల ఎండ. నాకు చెమట పట్టదు, మెడ కింద ఒళ్ళు ఆ సంగతే మర్చిపోయింది, అందుకని మంగలి షాపుల్లో ఉండే స్ప్రే సీసా ఒకటి పట్టుకుని నా మొహం మీదా చేతుల మీదా నీళ్ళు కొడుతూ ఉంటుంది అమ్మ. కొట్టు. ఈ నీళ్ళకి కోపం కూడా చల్లారుతుందేమో చూద్దాం.

అడిగిందేంటి, చేసిందేంటి. కుర్చీ ముందుండే ఇనప బంపరుకి చిన్న నెర్రె పడింది, ఒక్క అతుకు పెట్టమన్నాను. ఒక్కటే ఒక్క అతుకు. జంగారెడ్డిగూడెంలో అశోక్ వెల్డింగ్ వర్క్స్ అంటే తెలియనివాళ్ళు లేరు, ట్రాక్టరు ట్రక్కులూ పొగాకు ఆరబెట్టే బ్యారన్ల గొట్టాలూ అన్నీ వాడి దగ్గరికే వస్తాయి, వాడికిది చిటికెలో పని. పొద్దున్న నన్ను ట్రాలీ ఆటో ఎక్కించే ముందు గోనెపట్టా కప్పి తెచ్చాడు దాన్ని. పెళ్ళికూతురి ముసుగు తీసినట్టు పట్టా తీశాడు. నాకు నోట మాట రాలేదు, వాడి ముందు అప్పుడు పోయిన మాటే ఇప్పటిదాకా తిరిగిరాలేదు. కుర్చీ ఎర్రగా ఉంది. కొత్త ట్రాక్టరు ఎరుపు. ఎన్ని ఊళ్ళవాళ్ళు గుద్దితే పడ్డ సొట్టలో, నాకు ఒక్కో సొట్టా ఎవరు పెట్టారో తెలుసు, అన్నీ సుత్తితో కొట్టి చదును చేశాడు. బంపరుకి స్పాంజి చుట్టి రెక్సిన్ కుట్టించాడు, ఎవరికీ తగలకుండా అట. తగలడానికేరా అది ఉన్నది! వీపు వెనక పసుపు రంగుతో శ్రీదుర్గ అని రాయించి చుట్టూ పువ్వులు. కింద నిమ్మకాయ, మిరపకాయలు. ఇవన్నీ పోనీ, రంగు గీకేయొచ్చు, స్పాంజి పీకేయొచ్చు. చక్రాలు. నా రెండు చక్రాలూ తిన్నగా నిలబడి ఉన్నాయి, సైకిలు చక్రాల్లా. "ఇన్నాళ్ళూ ఎలా తోసుకున్నావోనమ్మా, గుద్దుళ్ళకి చక్రాలు రెండూ వంకరపోయాయి. కుర్చీ ఇంటికి వచ్చిన రోజు నుంచీ రోజూ చూసి బాధపడుతున్నాను. ఇరుసు కోసేసి తిన్నగా అతికించాను, లైనుకి దారం కట్టి చూశాను, వెంట్రుకవాసి తేడా లేదు" అన్నాడు నా చెప్పులతో. వాడి కళ్ళలో నీళ్ళు. సంతోషంట.

వంకరపోలేదురా. అది దాని పుట్టుక. ఆ ముక్క ఆటోలో అమ్మకి చెప్తే అమ్మే వాడికి చెప్పింది, అందుకే ఇప్పుడు మళ్ళీ కొయ్యడానికి పోయాడు. పైన నా నడుముకి ఆనుకుని, కింద ఎడంగా, ఏటవాలుగా ఉంటేనే అది ఉన్నచోటే గిరుక్కున తిరుగుతుంది, ఎవడు పక్కనుంచి గుద్దినా బోల్తా పడకుండా ఆగుతుంది. తిన్నగా ఉన్న చక్రాల మీద నేను కోర్టులోకి వెళ్తే మొదటి గుద్దుకే పడతాను. నా వేళ్ళు ముడుచుకోవు, చక్రాన్ని పట్టుకోలేను, అరచేత్తో అదిమి తోస్తాను, గ్లవ్సుకి జిగురు రాసుకుని. ఆ ఏటవాలు లేకపోతే అరచేతికి చక్రం అందదు. మా ఆటలో నలుగురు అటు, నలుగురు ఇటు. బంతి ఒళ్ళో పెట్టుకుని అవతలి గీత దాటితే గోలు. ఎవరి ఒంట్లో ఎంత పనిచేస్తుందో చూసి డాక్టర్లు మార్కులు వేస్తారు, నాకు వేసింది ఒకటి. మంచి చేతులున్నవాళ్ళు బంతి పట్టుకుని పరిగెడతారు, నాలాంటివాళ్ళు అవతలివాళ్ళకి అడ్డం పడతారు. నా బంపరుని వాడి చక్రంలోకి దూర్చి బిగించానంటే ఇక వాడు పీక్కోలేడు, ఎంత బలమున్నవాడైనా సరే, బూతులు తిట్టుకుంటూ అక్కడే ఉండాలి. "ఇంతకీ అంత దూరం పోయి నువ్వు చేసేదేంటే?" అని అమ్మ అడిగితే "అడ్డం పడతానమ్మా" అన్నాను. "ఆ పని ఇంట్లో చేస్తున్నావుగా" అంది. నవ్వింది ఆ రోజు. మద్రాసులో ఒక వర్క్‌షాపు ఆయన ఎక్కడో విదేశీ కుర్చీ ఫొటో చూసి ఇనప గొట్టాలతో చేశాడు నా కుర్చీని, మూడుసార్లు కోసి మూడుసార్లు అతికితే గానీ నా ఒంటికి కుదరలేదు. ఎప్పుడూ అక్కడే ఉండేది, శిబిరాలకి వెళ్ళినప్పుడు దాని మీద ఆడేదాన్ని. ఈ వేసవిలో మా పొగాకు గోడౌన్ గచ్చు మీద సాధన చేసుకుందామని ఇంటికి తెచ్చుకున్నాను. బుద్ధి గడ్డి తిని.

పక్క బెంచీ మీద ఒకావిడ, పెద్దావిడే, మెడలో శిలువ గొలుసు, ఒళ్ళో మామిడిపళ్ళ బుట్ట. ఇందాకట్నుంచీ నన్నే చూస్తోంది. చూసి చూసి అమ్మని అడిగింది. "అమ్మాయికి పుట్టుకతోనేనాండి?" "కాదండి, యాక్సిడెంటండి." "అయ్యో నా తల్లీ. మాటలు వచ్చా అండి?" "ఆ, వచ్చండి. బాగా వచ్చు" అంది అమ్మ, నా వైపు చూడకుండా. "ఆసుపత్రికాండి మద్రాసు?" "ఆటలకండి." ఆవిడ బుట్టలోంచి ఒక పండు తీసి అమ్మ చేతికిచ్చి "తింటదేమో పెట్టండి" అంది. నేనిక్కడే ఉన్నానండి. నన్నే అడగొచ్చు. ఏమైందని నన్నడిగితే నేను చెప్తాను, పక్కకి కూర్చున్నానండీ అని. అదేనండీ నా జబ్బు, పక్కకి కూర్చోవడం. కొయ్యలగూడెంలో పెళ్ళి. నాకు ఇంటర్ రెండో సంవత్సరం, లంగావోణీ. అన్నయ్య కొత్త హీరోహోండా. నేను లంగా కాస్త ఎత్తి అటో కాలు ఇటో కాలు వేసుకుని ఎక్కాను. గుమ్మంలోంచి అమ్మ, "ఏంటే ఆ మగరాయుడి వేషం, దిగు, పక్కకి కూర్చో." నేను దిగలేదు. అన్నయ్య వెనక్కి తిరిగి "సరిగ్గా కూర్చుంటే కూర్చో, లేకపోతే బస్సులో రా. మా వాళ్ళు చూస్తే నవ్వుతారు" అన్నాడు. పక్కకి కూర్చున్నాను. ఊళ్ళో ఆడవాళ్ళంతా అలాగే కూర్చుంటారు కదా, సీటు వెనక కడ్డీ ఒక చేత్తో పట్టుకుని, ఒళ్ళో పిల్లలతో సహా. ఊరు దాటాక పామాయిల్ తోటల మధ్య మలుపు. ముందు పోయిన ట్రాక్టరులోంచి జారిపడ్డ గెల ఒకటి రోడ్డు మధ్యలో, ముళ్ళూ గింజలూ, నల్లగా. అన్నయ్య హ్యాండిలు తిప్పాడు. వాడు రెండు కాళ్ళ మధ్యా బండిని బిగించి పట్టుకున్నాడు, పడలేదు, మోచెయ్యి కూడా గీసుకోలేదు. నేను బస్తా జారినట్టు వెనక్కి జారాను. ఆకాశం కనపడింది, తాటిచెట్టు తలకిందులుగా కనపడింది, ఆ తర్వాత నా లంగా నా పక్కన రోడ్డు మీద పరుచుకుని కనపడింది, దాని లోపల ఉన్న కాళ్ళు ఎవరివో నాకు తెలియలేదు.

అమ్మ మామిడిపండు రసం చేసి నా నోటికి పెడుతోంది. నోరు బిగించాను. "పండు మీద ఏం కోపమే?" పండు మీద కాదు. అన్నిటి మీదా. ఇంటికి తెచ్చిన కొత్తలో ఒకసారి మంచం మీద నా కాలు దానంతటది ఎగిరింది. అమ్మ కేక పెట్టింది. కాళ్ళొచ్చేశాయి, దానికి కాళ్ళొచ్చేశాయి. వీధి వీధంతా వచ్చింది. నాన్న కొబ్బరికాయ కొట్టాడు. మెడ విరిగినవాళ్ళకి అలా ఎగరడం మామూలేనని, అందులో కాళ్ళు రావడం ఏమీ లేదని డాక్టరు ఎంత చెప్పినా వినకుండా కారు మాట్లాడి పిఠాపురం తీసుకెళ్ళారు, అమ్మవారికి మొక్కట. అన్నయ్య నన్ను రెండు చేతుల మీదా ఎత్తుకుని గర్భగుడి ముందు నిలబడ్డాడు. పూజారి గారు కూడా ఆ కాలు ఎగరడం చూసి దణ్ణం పెట్టాడు. నాకు నవ్వూ ఏడుపూ. ఆ రోజు నుంచీ అన్నయ్య ఇలా అయిపోయాడు. అంతకు ముందు మేం కుక్కా పిల్లీ. టీవీ రిమోటు కోసం వాడు నా జడ లాగితే నేను వాడి చెయ్యి కొరికేదాన్ని, ఇప్పటికీ ఆ మచ్చ ఉంది. ఇప్పుడు ఏమన్నా "సరే అమ్మా." అన్నం చల్లారిందంటే సరే అమ్మా, ఫ్యాను ఎక్కువైందంటే సరే అమ్మా. ఒకసారి కావాలనే పళ్ళెం విసిరాను, ముంజేత్తో ఎగదోస్తే పప్పు వాడి తెల్ల చొక్కా నిండా పడింది. తుడుచుకుని, పళ్ళెం తీసుకుని, వేరే పళ్ళెంలో పెట్టుకొచ్చాడు. ఆ రోజు వాడు నన్ను ఒక్కటి పీకి ఉంటే ఎంత బాగుండేది. పెళ్ళి కూడా మానుకున్నాడు. నేను అడిగానా? ఇంట్లో గుమ్మాలన్నీ కొట్టేసి వాలు గచ్చు చేయించాడు, స్నానాలగదిలో కడ్డీలు వేశాడు, నా మంచానికి తలవైపు ఎత్తే మరచక్రం పెట్టాడు. ఏదీ అడగలేదు. అడగకుండా కొలతలు తీసుకోవడం, అడగకుండా కోసెయ్యడం, అడగకుండా అతికించడం. నేను బండి గురించి వాణ్ణి ఏ రోజూ ఒక్క మాట అనలేదు. నువ్వే పడేశావని అనలేదు. అది నా గొప్పతనం అనుకుంటూ వచ్చాను.

విజయ్ పాల్ గారి ఆట మొదటిసారి చూసింది తమిళనాడులో ఒక ఆసుపత్రిలో. నడుం కింద పుండు పడితే అక్కడ నెలల తరబడి బోర్లా పడుకోబెట్టారు. పుండు మానాక ఒక సాయంత్రం పెద్ద రేకుల షెడ్డులోంచి దబదబా చప్పుళ్ళు. ఎవరో డ్రమ్ములు దొర్లిస్తున్నారనుకున్నాను. లోపలికి తోసుకుంటూ వెళితే మగాళ్ళు, నాలాగే మెడలు విరిగినవాళ్ళు, కుర్చీలతో ఒకళ్ళనొకళ్ళు గుద్దుకుంటున్నారు. ఒకడు కుర్చీతో సహా బోర్లాపడ్డాడు. ఎవరూ అయ్యో అనలేదు. ఈల వేసి, లేపి, మళ్ళీ ఆడించారు. విజయ్ పాల్ గారు నన్ను చూసి "ఆడతావా?" అన్నారు. ఆడదాన్ని కదండీ అన్నాను. "ఈ ఆటలో ఆడా మగా కలిసే ఆడతారు" అన్నారు. వారం తర్వాత నన్ను పట్టీలతో బిగించి కోర్టులో దింపారు. అవతలి జట్టులో పల్లంరాజని, అమలాపురం అవతల కొబ్బరిచెట్టు మీంచి పడ్డ మనిషి, గూడ్సు బండిలా ఉండేవాడు. వాడు నా మీదికే వస్తున్నాడు. ఇంకా వస్తున్నాడు. ఆడపిల్లనని తప్పుకుంటాడేమో అనుకున్నాను. తప్పుకోలేదు. గుద్దాడు. కుర్చీ లేచింది, పక్కకి పడ్డాను, మోచెయ్యి చెక్కుకుపోయింది, నోట్లో రక్తం ఉప్పగా. మళ్ళీ ఆకాశం కనపడుతుందేమో అనుకున్నాను, రేకులు కనపడ్డాయి. పల్లంరాజు పైనుంచి చూసి "దెబ్బ తగిలిందా?" అన్నాడు. తగిలిందన్నాను. "ఐతే లేచాక చెప్పు, మళ్ళీ గుద్దుతాను" అన్నాడు. నేను నవ్వాను. ఎన్నేళ్ళ తర్వాతో, పొట్ట పట్టుకుని నవ్వాలనిపించేంత నవ్వు. నన్ను ఒక మనిషి కావాలని గుద్దాడు. నేను విరిగిపోతానని భయపడలేదు, నేను వాడికి గోలు దగ్గర అడ్డం, అంతే. ఆ రాత్రి మోచేతి పుండు మంట పుడుతుంటే సంతోషంగా నిద్రపోయాను. ఇది అన్నయ్యకి ఎలా చెప్పాలి? చెప్తే ఏడుస్తాడు. వాడికి సొట్ట అంటే నా ఒంటి మీద పడ్డ సొట్టే. కొట్టి చదును చెయ్యాలి, రంగు వెయ్యాలి, స్పాంజి చుట్టాలి.

నా మెళ్ళో సెల్‌ఫోను మోగుతోంది. మెడకి కట్టిన సంచిలో ఉంటుంది, చెయ్యి తిప్పి వేలి కణుపుతో నొక్కితే ఎత్తగలను. ఎత్తను. అమ్మ చూసింది, తీసింది. "ఆ, చెప్పరా నాన్నా... ఆ..." నా వైపు తిరిగి, "అన్నయ్యే. ఇరుసు మళ్ళీ కోశాడట. ఎంత వంచాలో అడుగుతున్నాడు." నేను పట్టాల వైపు చూశాను. "చెప్పవే. జానెడా, బెత్తెడా? గంగయ్య షాపులో కరెంటు ఉందిట ఇప్పుడు, పోతే మళ్ళీ రాదంటున్నాడు." చెప్పను. "దుర్గా!" "అడక్కుండా తిన్నగా చేసినవాడు అడక్కుండానే వంచుకోమను" అన్నాను. అమ్మ ఫోన్లో "అది... తెలీదంటోంది నాన్నా, నువ్వే చూసి ఏదో ఒకటి..." అంటోంది. అమ్మ అబద్ధాలు. మా ఇల్లంతా ఈ అబద్ధాల మీదే నిలబడి ఉంది. అది బాగానే తింటోందండి. అది బాగానే ఉందండి. వాడు దాని కోసమే పెళ్ళి చేసుకోలేదండి, అంత ప్రేమండి.

చెప్పనంటే తెలియక కాదు. అసలు జానెడూ బెత్తెడూ ఏంటి, అది కొలతకి రాదు. కుర్చీలో కూర్చుని చేతులు ఊరికే కిందికి వదిలేస్తే చక్రం అంచు నా మణికట్టు లోపలి వైపు తగలాలి. భుజం ఎత్తకుండా అరచెయ్యి దాని మీద వాలాలి. అది నా చేతికి తెలుసు. నేను అందులో కూర్చోకుండా గంగయ్య కాదు కదా ఆ మద్రాసు ఆయన కూడా చెయ్యలేడు. పోతుంది. ఏదో ఒక వంపు పెట్టి తెస్తాడు, ఎల్లుండి పొద్దున్న కోర్టులో మొదటి పది నిమిషాల్లో నా బతుకు తేలిపోతుంది. ఆడలేను. విజయ్ పాల్ గారు ఏమీ అనరు, నా పేరు పక్కన ఏదో రాసుకుంటారు, నా బదులు ఆ బళ్ళారి కుర్రాణ్ణి తీసుకుంటారు, వాడికీ మార్కు ఒకటే, వాడి చేతులు నా చేతులంత మంచివి కావు. నేను రెండేళ్ళు గచ్చు మీద అరచేతులు చెక్కుకుపోయేలా తిరిగింది వాడి కోసమా. ఆ మర్నాటి నుంచి మళ్ళీ మరచక్రం మంచం. మళ్ళీ వాలు గచ్చు, అన్నం చల్లారింది, సరే అమ్మా. ఫోను నా గుండె మీదే ఉంది. ఒక్క నొక్కు. కూర్చోబెట్టి కొలవరా వెధవా, అని ఒక్క మాట. నోరు రావట్లేదు. ఎందుకు రావట్లేదు? మిగతా అందర్నీ ఉతికి ఆరేస్తాను కదా. రైల్వే కూలీ ఒకడు చెప్పకుండా నన్ను ఎత్తబోతే ఇందాక వాడి ఏడు తరాలనీ తిట్టాను. అన్నయ్యని మాత్రం ఏమీ అనను. ఒక మాట అంటే ఆ వెనక ఉన్నవన్నీ వచ్చేస్తాయి, గెల దగ్గర్నుంచి.

వస్తున్నాడు. కుర్చీ లేదు. ఉత్త చేతులతో వస్తున్నాడు, చేతులు నల్లగా, చొక్కా తడిసి వీపుకి అంటుకుని. దగ్గరికొచ్చి నిలబడ్డాడు. చూపు మళ్ళీ చెప్పుల మీదికి. "కుదరట్లేదమ్మా. రెండుసార్లు అతికి చూశాను, నాకే నచ్చలేదు. తప్పు నాదే. ఈసారికి ఊరికే వెళ్ళిరా అమ్మా, వాళ్ళ దగ్గర ఇంకో కుర్చీ ఉండకపోదు. లేకపోయినా... ఎందుకమ్మా ఆ గుద్దులాటలు, ఇంటి దగ్గర నేను..." వాడు ఇంకా ఏదో అంటున్నాడు. నా అరచేతులు చక్రాల మీదికి వాటంతటవే పోయాయి. తోశాను. ఇది ఆట కుర్చీ కాదు, మడిచే మామూలు కుర్చీ, అయినా ముందు కాళ్ళు పెట్టుకునే రేకు ఉంది. అది సరిగ్గా వాడి కాలి ఎముకకి తగిలింది. "అబ్బా" అన్నాడు. అని, "సారీ అమ్మా" అన్నాడు. దెబ్బ తిన్నది వాడు! వెనక్కి తీసి మళ్ళీ తోశాను. అమ్మ "ఏయ్, ఏయ్" అంటోంది. మామిడిపళ్ళావిడ లేచి నిలబడింది. మూడోసారి ఇంకా వెనక్కి వెళ్ళి, భుజాలు రెండూ ముందుకి విసిరి వచ్చాను, వాడు కుర్చీ చేతులు రెండూ పట్టుకుని ఆపేశాడు, మొహం నా మొహానికి జానెడు దూరంలో. నన్ను చూస్తున్నాడు. నన్నే.

"ఏంటే! ఏంటే నీ గోల! పొద్దున్నుంచీ చూస్తున్నాను, నోరు పడిపోయిందా నీకు? ఎంత వంచాలో చెప్పడానికి ఏమొచ్చింది? మెడ విరిగింది గానీ నోరు విరగలేదుగా! అవునే, నేనే పడేశాను. నా బండి, నేనే తోలాను, పక్కకి కూర్చోమన్నదీ నేనే. ఎప్పుడు తిడతావా, ఎప్పుడు తిడతావా అని ఎనిమిదేళ్ళ నుంచి చూస్తున్నాను. తిట్టవు. పళ్ళెం విసురుతావు, మొహం తిప్పుకుంటావు. నీ మనసులో ఉన్నది తెలుసుకోవడానికి నేనేమన్నా దేవుణ్ణా? నాకొచ్చింది ఇనుం పని. వంకరగా కనపడితే తిన్నగా చేశాను. ఇంకేం చెయ్యమంటావు నన్ను? చావమంటావా, చెప్పు!" ప్లాట్‌ఫారమంతా మా వైపే చూస్తోంది. టీ అబ్బాయి కెటిల్ పట్టుకుని ఆగిపోయాడు. అమ్మ నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. వాడి గొంతు పగిలిపోయింది, ముక్కు కారుతోంది, అయినా కుర్చీ చేతులు వదల్లేదు. తగిలింది. పల్లంరాజు గుద్దినప్పుడు కూడా ఇంత గట్టిగా తగల్లేదు. నేను అనకపోవడం నా గొప్పతనం అనుకున్నాను, వీడు దాని కింద పడి ఉన్నాడన్నది నాకు తోచనే లేదు. కోపం తగ్గిందా అంటే తగ్గలేదు. ఇంకా పెరిగింది. కానీ ఈసారి దానికి ఎదురుగా మనిషున్నాడు.

"నువ్వే పడేశావు" అన్నాను. బయటికి వచ్చాక అది చాలా చిన్న మాట. "అవును" అన్నాడు. "నా కుర్చీని పాడు చేశావు." "చేశాను." "అది చెప్తే వచ్చే కొలత కాదురా, బుద్ధిలేనోడా. నేను అందులో కూర్చోవాలి. కూర్చుని చేతులు వదిలితే చక్రం ఎక్కడ తగలాలో నేను చూపిస్తాను, నువ్వు అక్కడ పట్టుకుని అతకాలి. అడిగితే చెప్పేదాన్ని. అడిగావా?" "ఇప్పుడు అడగలా?" అని మళ్ళీ అరిచాడు. "ఐతే పద" అన్నాను నేనూ అరిచే. మైకులో మద్రాసు బండి వస్తోందని చెబుతున్నారు. జనం సంచులు ఎత్తుకుని అంచుకి జరుగుతున్నారు. "బండొచ్చేస్తోందే, బెర్తులున్నాయే" అని అమ్మ ఏడుపు గొంతుతో. రానీ. పోనీ. రాత్రి ఇంకో బండి ఉంది, బెర్తు లేకపోతే జనరల్లో నేల మీద పడుకుని పోతాను, పుండు పడితే పడనీ, రేపటికి మద్రాసులో ఉంటే చాలు. "నువ్వు సంచుల దగ్గరుండమ్మా" అన్నాడు అన్నయ్య. కుర్చీ వెనక్కి వచ్చి, తోశాడు. ఎదురుగా వచ్చేవాళ్ళని "తప్పుకోండి, తప్పుకోండి" అని కసురుతూ తోస్తున్నాడు. వెనక ఇంజను వచ్చి ఆగిన చప్పుడు, తలుపులు, కేకలు. నేను వెనక్కి తిరిగి చూడలేదు, నా మెడ అంతగా తిరగదు కూడా. గేటు దగ్గర గచ్చు విరిగి లోతుగా గాడి ఉంది. ఇలాంటి చోట వాడు ఎప్పుడూ ఆగి, కుర్చీని వెనక్కి తిప్పి, గాజు సామాను దింపినట్టు దింపుతాడు. ఇవాళ ఆగలేదు. కుర్చీ ఎగిరిపడింది, నా పళ్ళు టక్కుమని కొట్టుకున్నాయి, నాలుక తెగింది.

"ఇంకా గట్టిగా తొయ్యి, కరెంటు పోతుంది" అన్నాను.

"నోర్మూసుకుని కూర్చో" అన్నాడు అన్నయ్య.